తిరగమోత పెడితే మోగే అలారం: మా ఇంటి ప్రాజెక్టు డైరీ

2025 జనవరి 12, ఆదివారం

సంక్రాంతికి అమ్మ అరిసెలు మొదలుపెట్టింది. పాకం చక్కగా కుదిరింది. రెండు వాయిలు తీసింది, మూడోది మూకుట్లో ఉండగా హాల్వేలో పొగ అలారం మోగింది. మాది డాలస్ పక్కన ఫ్రిస్కోలో రెండంతస్తుల ఇల్లు. అలారాలు ఏడున్నాయి, అన్నిటినీ వైరుతో కలిపారు కాబట్టి ఒకటి మోగితే ఏడూ మోగుతాయి. పైన నిద్రపోతున్న పాప లేచి, చెవులు మూసుకుని, మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. అమ్మ స్టవ్ కట్టేసి చలిమిడి మీద తడిగుడ్డ కప్పింది. "చాల్లేవే తల్లీ, ఈ ఇంట్లో నూనె పెట్టకూడదు" అంది.

అమ్మ ఒంగోలు నుంచి వచ్చి ఐదు వారాలైంది. ఇలా మోగడం ఎన్నోసారో లెక్క కూడా లేదు. కానీ ఇవాళ ఇంకో సంగతి గుర్తొచ్చి మనసు బాధగా ఉంది. మూడు రోజులుగా చారులో తిరగమోత లేదు. పప్పులోనూ లేదు. మర్చిపోయిందనుకున్నాను. మర్చిపోలేదు, భయపడి మానేసింది.

జనవరి 15, బుధవారం

చెంచాల సొరుగు తీస్తే హాల్వే అలారం కనిపించింది. బ్యాటరీ విడిగా పక్కన ఉంది. పండగ రోజు గారెలు వండుతుంటే మళ్ళీ మోగిందట, పాప హడలిపోతోందని మా ఆయన తీసేశారు. తిరిగి పెడదామనుకుని మర్చిపోయారు. ఆయన మీద కోపం రాలేదు. ఆ టైమ్‌లో ఎవరైనా అదే చేస్తారు. సీలింగ్ వైపు చూస్తే ఖాళీ ప్లేటు, దానిలోంచి వేలాడుతున్న ప్లగ్గు.

పడగ్గదుల ముందు కాపలా ఉండాల్సిన అలారం అది. దాన్ని వెంటనే మళ్ళీ బిగించాను.

జనవరి 18, శనివారం

అమ్మ పప్పు స్టవ్ మీద పెట్టి పూజకి కూర్చుంది. నేను పైన బట్టలు మడతపెడుతున్నాను. అలారం మోగింది. నేను కిందికి దిగి, ఎప్పట్లాగే టవల్ తీసుకుని హాల్వేలో అలారం కింద విసరడం మొదలుపెట్టాను. ఒక అర నిమిషం విసిరాక మాడు వాసన తెలిసింది. గిన్నెలో నీళ్ళు పూర్తిగా ఇంకిపోయి పప్పు నల్లగా అంటుకుపోయింది, గిన్నె అంచున పొగ లేస్తోంది. స్టవ్ కట్టేశాను. ఏమీ కాలేదు.

కానీ అలారం మోగగానే నా చెయ్యి టవల్ వైపు వెళ్ళింది, కళ్ళు స్టవ్ వైపు వెళ్ళలేదు. ఐదు వారాల్లో ఈ ఇల్లు నాకు నేర్పింది ఇదే. అమెరికాలో ఇళ్ళల్లో మంటలకి చనిపోయేవాళ్ళలో ఐదుగురికి దాదాపు ముగ్గురు, అలారమే లేని ఇళ్ళలోనో, ఉన్నా పనిచేయని ఇళ్ళలోనో ఉన్నవాళ్ళేనని ఎన్ఎఫ్‌పీఏ (అమెరికాలో అగ్నిప్రమాదాల నివారణకి నియమాలు రాసే సంస్థ) చెబుతుంది. బ్యాటరీ తీసేసిన అలారాలు కూడా ఆ లెక్కలోకే వస్తాయి. ఊరికే మోగి మోగి విసిగించినందుకే చాలామంది వాటిని తీసేస్తారు. అందుకే దీన్ని ప్రాజెక్టుగా పెట్టుకున్నాను. అలారం నోరు మూయించడం కాదు, అది ఎందుకు మోగుతోందో కనిపెట్టడం.

ఫ్రిజ్ మీద ఒక నోట్‌బుక్ పెట్టాను. మోగిన ప్రతిసారీ రాయాల్సినవి: టైమ్, స్టవ్ మీద ఏముంది, ఏ బర్నర్, చిమ్నీ ఫ్యాన్ వేశామా, హీటర్ నడుస్తోందా, ముందు మోగింది ఏది. చివరిది తెలుసుకోవడం తేలికే. మా అలారాల్లో మొదట పొగ పట్టినదాని ఎర్ర లైటు ఒక్కటే గబగబా మెరుస్తుంది.

జనవరి 26, ఆదివారం

ఎనిమిది రోజుల్లో నోట్‌బుక్‌లో పదకొండు వరసలు నిండాయి. రోజూ ఎప్పట్లాగే వంట చెయ్యమని అమ్మని బతిమాలాల్సి వచ్చింది. "మోగితే మోగనీ అమ్మా, నాకు లెక్క కావాలి" అని చెప్పాను.

పదకొండులో ఎనిమిదిసార్లు మొదట మోగింది హాల్వేదే. ఆ ఎనిమిదిసార్లూ స్టవ్ మీద నూనె ఉంది. అందులో ఏడుసార్లు హీటర్ ఫ్యాన్ నడుస్తోంది. ఆ ఏడుసార్లన్న లెక్క నన్ను ఆపేసింది. నేను పొగ గురించే ఆలోచిస్తున్నాను, గాలి గురించి ఆలోచించలేదు.

మిగతా మూడిటిలో రెండు, పైన గెస్ట్ బెడ్‌రూమ్‌లోది, మా ఆయన వేడినీళ్ళ స్నానం చేసి బాత్రూమ్ తలుపు తీసినప్పుడు. అది ఆవిరి. బాత్రూమ్ తలుపుకి కనీసం 3 అడుగుల దూరంలో అలారం ఉండాలి. ఇది రెండడుగుల్లో ఉంది. ఆఖరిది సాయంత్రం నాలుగింటికి, ఇంట్లో వంటే లేనప్పుడు, గేమ్ రూమ్‌లోది. దించి చూస్తే పక్కనున్న సన్నని చీలికల్లో సాలెగూడు. వ్యాక్యూమ్ మెత్తని బ్రష్‌తో పీల్చాక మళ్ళీ మోగలేదు.

ఇవి కాకుండా గురువారం తెల్లవారుజామున మూడింటికి నిమిషానికోసారి "కిచ్" మని ఒక కూత. ఇది పొగ హెచ్చరిక కాదు, బ్యాటరీ అయిపోతోందని చెప్పడం. రాత్రిళ్ళే ఎందుకు కూస్తుందంటే, ఇల్లు చల్లబడినప్పుడు బ్యాటరీ ఓల్టేజీ కొద్దిగా పడిపోతుంది. పగలంతా కూత మొదలయ్యే గీతకి పైన ఉన్నది తెల్లవారుజామున గీత కిందికి జారుతుంది. ఏ గదిలోదో పట్టుకోవడానికి ప్రతిదాని కిందా ఒక్కో నిమిషం నిలబడాల్సి వచ్చింది.

ఫిబ్రవరి 1, శనివారం

ఇవాళ టేపు, నిచ్చెన, అగరుబత్తి.

స్టవ్ మధ్య నుంచి హాల్వే అలారానికి కొలిస్తే 8 అడుగుల 4 అంగుళాలు. ఎన్ఎఫ్‌పీఏ 72, అంటే అలారాల గురించి ఆ సంస్థ రాసిన నియమావళి, ప్రకారం మామూలుగా స్టవ్‌కి 10 అడుగుల లోపల పొగ అలారం పెట్టకూడదు. 10 నుంచి 20 అడుగుల మధ్య పెట్టొచ్చు, కానీ అది వంట పొగకి తొందరపడని రకం అయ్యుండాలి. అంటే ఇల్లు కట్టినప్పటి నుంచీ ఇది తప్పు చోటే ఉంది.

తర్వాత అగరుబత్తి. స్టవ్ పక్కన వెలిగించి పట్టుకున్నాను. హీటర్ ఆపినప్పుడు పొగ నిటారుగా సీలింగ్‌కి వెళ్ళి నెమ్మదిగా పరుచుకుంది. థర్మోస్టాట్‌లో ఫ్యాన్ ఆన్ చేయగానే ఆ పోగు వంగింది. నేను దాని వెంటే నడిచాను. వంటగది వాకిలి పైభాగం దాటి, హాల్వేలోకి తిరిగి, సీలింగ్‌లో ఉన్న రిటర్న్ గ్రిల్‌లోకి పోయింది. ఇల్లంతటి గాలినీ ఫ్యాన్ వెనక్కి లాక్కునేది ఆ గ్రిల్ గుండానే. దానికి అడుగున్నర ముందు, సరిగ్గా ఆ దారి మధ్యలో, మా అలారం.

అమ్మని పిలిచి చూపించాను. కాసేపు చూసి, "పొగ దాని దగ్గరకి పోవట్లేదే, మనమే తీసుకెళ్ళి ఇస్తున్నాం" అంది. ఆ మాట నోట్‌బుక్‌లో రాసుకున్నాను.

ఒంగోల్లో మా ఇంట్లో ఇలాంటి అలారం లేదు. అక్కడ వంటింటికి రెండు కిటికీలు, పెరటి తలుపు, గోడకి ఎగ్జాస్ట్ ఫ్యాన్. గోడలు ఇటుక, పైన స్లాబు. ఇక్కడ ఇంటి అస్థిపంజరమంతా చెక్క, దాని మీద జిప్సమ్ బోర్డు, కిటికీలు ఏడాదిలో పది నెలలు మూసే ఉంటాయి. మంట అంటుకుంటే బయటపడే టైమ్ చాలా తక్కువ. ఇది వివరంగా చెప్పాక అమ్మకి అలారం మీద కోపం పోయింది. "అయితే తీయొద్దులే" అంది.

ఫిబ్రవరి 8, శనివారం

ఏడిటినీ ఒక్కొక్కటిగా దించి వెనక లేబుల్ చదివాను. తయారైన సంవత్సరం 2011. పొగ అలారాన్ని తయారైన తేదీ నుంచి 10 ఏళ్ళకి మార్చేయాలి. ఇవి పద్నాలుగేళ్ళవి. టెస్ట్ బటన్ నొక్కితే మోగుతున్నాయి కాబట్టి బాగున్నాయనుకున్నాం. ఆ బటన్ ముఖ్యంగా కూతనీ కరెంటునీ చూస్తుంది. లోపలి గదిలో దుమ్ము ఎంత చేరిందో, అది పొగని ఇప్పటికీ సరిగ్గా పట్టగలదో దానితో తెలియదు.

అదే లేబుల్ మీద అమెరీషియం 241 అని ఉంది. అంటే ఇవి అయనైజేషన్ రకం. లోపల రెండు లోహపు పలకల మధ్య కణమంత రేడియోధార్మిక పదార్థం ఉంటుంది. దాన్నుంచి వచ్చే ఆల్ఫా కణాలు గాలి అణువులని అయాన్లుగా విడగొడతాయి, దానివల్ల పలకల మధ్య అతి సన్నని కరెంటు పారుతుంది. పొగ రేణువులు వచ్చి ఆ అయాన్లకి అంటుకుంటే కరెంటు తగ్గుతుంది, అలారం మోగుతుంది. అమెరీషియం అర్ధాయువు 432 ఏళ్ళు, కాబట్టి పదేళ్ళలో పాడయ్యేది అది కాదు. చుట్టూ ఉన్న ఎలక్ట్రానిక్స్, పేరుకునే దుమ్ము.

ఈ రకం, భగ్గున లేచే మంట నుంచి వచ్చే అతి చిన్న రేణువులని తొందరగా పడుతుంది. కాగిన నూనె నుంచి లేచే రేణువులూ అలాంటివే. కంటికి కనపడనంత చిన్నవి, లెక్కకి మాత్రం లక్షల్లో. ఆవాలు చిటపటలాడక ముందే, పొగ అన్నదే కనపడకుండానే అలారం ఎందుకు మోగేదో నాకు ఇప్పుడు అర్థమైంది. అది అబద్ధం చెప్పట్లేదు. నూనె ఆవిరికీ మంటకీ తేడా దానికి తెలియదు, అంతే.

రెండో రకం ఫోటోఎలక్ట్రిక్. చీకటి గదిలో ఒక చిన్న ఎల్ఈడీ, దానికి ఎదురుగా కాకుండా పక్కకి తిరిగి ఒక సెన్సర్. గాలి శుభ్రంగా ఉంటే వెలుతురు సెన్సర్ మీద పడదు. పొగ వస్తే వెలుతురు దాని మీద పడి చెదిరి సెన్సర్‌కి చేరుతుంది. సోఫా, పరుపు లాంటివి రాజుకుని పొగచూరే మంటలని ఇది ముందు పడుతుంది, వంట నూనెకి అంత తొందరపడదు. కాకపోతే చిక్కటి ఆవిరికీ దుమ్ముకీ ఇదీ మోగుతుంది.

నిర్ణయం: ఏడూ మార్చాలి. ఫోటోఎలక్ట్రిక్, యూఎల్ 217 (పొగ అలారాలకి అమెరికాలో ఉన్న పరీక్షా ప్రమాణం) ఎనిమిదో ఎడిషన్ పాసైనవి. ఆ ఎడిషన్‌లో వంట పొగకి మోగకూడదనే పరీక్ష కొత్తగా చేర్చారు. హాంబర్గర్ ముక్కలు కాలుస్తూ చేస్తారట ఆ పరీక్ష. ఇనప మూకుట్లో ఇంగువ, ఎండుమిరపకాయలు వేసి ఎవరూ పరీక్షించలేదు, అది మా ఇంట్లోనే జరగాలి.

ఫిబ్రవరి 15, శనివారం

కొత్త అలారాలు రావడానికి ముందే పొగ బయటికి పోయే దారి చూడాలనుకున్నాను. లేకపోతే ఏది పనిచేసిందో తెలియదు.

మా స్టవ్ పైన ఉన్నది మైక్రోవేవ్, దాని అడుగునే ఫ్యాన్. టిష్యూ పేపరు కింద పెడితే జాలీకి అతుక్కుంది, అంటే లాగుతోంది. మరి ఎక్కడికి వదులుతోంది? పై అంచు దగ్గర చెయ్యి పెడితే మొహం మీదికి వెచ్చటి గాలి. లాగిన పొగని జాలీలోంచి దాటించి మళ్ళీ వంటగదిలోకే వదులుతోంది. జాలీ కొంత జిడ్డు పడుతుంది, సన్నటి రేణువులు చాలావరకు తిరిగొస్తాయి.

పైన కప్‌బోర్డులో మసాలా డబ్బాలు తీసి చూస్తే, వెనకమూల టిన్ను డక్టు! ఇంటి పైకప్పు దాకా వెళ్తోంది. దాని నోటికీ మైక్రోవేవ్‌కీ సంబంధం లేదు. ఇలాంటి మైక్రోవేవ్‌ల్లో ఫ్యాన్ మోటారుని తిప్పి బిగించాలి. ఫ్యాక్టరీ నుంచి గాలి గదిలోకే వదిలేలా వస్తుంది, డక్టు ఉన్న ఇంట్లో దాన్ని పైకి తిప్పాలి. బిగించినవాళ్ళు తిప్పలేదు. డక్టు ఉండి కూడా ఇన్నేళ్ళూ ఆ పొగ మేమే పీల్చాం. ఈ ఒక్క విషయానికి నాకు నిజంగా కోపం వచ్చింది. ఎవరైనా సరే, స్టవ్ పైన కప్‌బోర్డు ఇవాళే ఒకసారి తీసి చూసుకోండి.

ఫిబ్రవరి 16, ఆదివారం

ప్లగ్గు తీసి, మా ఆయనా నేనూ మైక్రోవేవ్ కిందికి దించాం. బాగా బరువు, ఒక్కరివల్ల కాదు. మోటారుకి రెండు స్క్రూలు. దాన్ని బయటికి తీసి, రెక్కలు పైకి వచ్చేలా తిప్పి, మళ్ళీ బిగించాం. వైరు నలగకుండా చూసుకోవాలి, అక్కడ ఒకసారి విప్పి మళ్ళీ చేశాం. డక్టు అతుకులకి అల్యూమినియం టేపు వేశాం. బూడిద రంగు గుడ్డ టేపు వేడికి ఊడిపోతుంది. పైకప్పు మీద మూత తెరుచుకుంటోందో లేదో పక్కింటి పెరట్లోంచి చూశాను. తెరుచుకుంది.

జిడ్డు జాలీలు వేడినీళ్ళలో గిన్నెల సబ్బు, వంటసోడా వేసి గంట నానబెట్టాను. కారిన నీళ్ళు టీ రంగులో ఉన్నాయి.

మార్చి 2, ఆదివారం

రెండు వారాల లెక్క: వంట వల్ల నాలుగుసార్లు. పాత అలారాలే, పాత చోటే. మార్పు డక్టు ఒక్కటే. నాలుగుసార్లూ ముందు బర్నర్ మీద. వెనక బర్నర్ మీద నూనె పెట్టినప్పుడు ఒక్కసారీ మోగలేదు. ఫ్యాన్ నోరు వెనకవైపు ఎక్కువగా ఉంటుంది, ముందు బర్నర్ పొగ దాని అంచు పక్కనుంచి జారిపోతుంది.

అమ్మని వంట మార్చుకోమని అడగలేదు. రెండే అడిగాను: తిరగమోత వెనక బర్నర్ మీద పెట్టు, నూనె పొయ్యకముందే ఫ్యాన్ వెయ్యి. "అంతేనా?" అంది.

మార్చి 8, శనివారం

ఎలక్ట్రీషియన్ వచ్చాడు. 120 ఓల్టుల లైను, సీలింగ్ లోపల వైరు లాగాలి. ఆ పని లైసెన్సు ఉన్నవాళ్ళు చేస్తేనే నయం. హాల్వే అలారాన్ని గ్రిల్ దారి తప్పించి, పడగ్గదుల వైపు 5 అడుగులు జరిపించాం. ఇప్పుడు స్టవ్‌కి 13 అడుగులు. గెస్ట్ బెడ్‌రూమ్‌లోది బాత్రూమ్ తలుపుకి దూరంగా. పాత రంధ్రాలకి తెల్ల మూతలు. అలారాన్ని జరపొచ్చు గాని తీసేయకూడదు. ప్రతి పడగ్గదిలో, పడగ్గదుల బయట, ప్రతి అంతస్తులో ఒకటి ఉండాల్సిందే.

కొత్తవి నేనే బిగించాను. బ్రేకర్ కట్టేసి, టెస్టర్‌తో కరెంటు లేదని చూసి, పాత ప్లగ్గు విప్పి కొత్త ప్లగ్గు: నలుపుకి నలుపు, తెలుపుకి తెలుపు, ఒకదాన్నొకటి పిలుచుకునే మూడో వైరు మా ఇంట్లో ఎరుపు. ఏడూ ఒకే కంపెనీవి తీసుకున్నాను. వేరే కంపెనీవి కలిపితే ఒకటి మోగినా మిగతావి మోగకపోవచ్చు. హాల్వేది పొగతో పాటు కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుని కూడా చూసే రకం, మాది గ్యాస్ హీటర్ కాబట్టి. బ్యాటరీలు పదేళ్ళ లిథియంవి. ఒక్కోదాని వెనకా మార్కర్‌తో "2035లో మార్చాలి" అని రాశాను.

పాతవాటి లోపలి గదిని విప్పకూడదు. కంపెనీ మాన్యువల్‌లో చెప్పినట్టు డబ్బాలో పెట్టి వెనక్కి పంపుతున్నాను.

మార్చి 9, ఆదివారం

ఈ రోజంతా అమ్మకీ పాపకీ. ముందే చెప్పి టెస్ట్ బటన్ నొక్కాను. మూడు కూతలు, ఆగడం, మళ్ళీ మూడు: పొగ. నాలుగు కూతలు, ఆగడం, మళ్ళీ నాలుగు: కార్బన్ మోనాక్సైడ్, వెంటనే బయటికి. పాప మూడోసారికి చెవులు మూసుకోకుండా వేళ్ళతో లెక్కపెట్టింది. అమ్మకి వరస చెప్పాను: ముందు స్టవ్ చూడు, తర్వాత ఇల్లు చూడు, మంట లేదని తెలిశాకే చీపురు కర్రతో నడుమ బటన్ నొక్కు. కొన్ని నిమిషాలు ఊరుకుంటుంది, తర్వాత దానంతట అదే మళ్ళీ కాపలా మొదలుపెడుతుంది. కర్రతో నాలుగుసార్లు తనే నొక్కి చూసుకుంది.

మార్చి 30, ఉగాది

మూడు వారాల్లో వంటకి ఒక్కసారీ మోగలేదు. ఇవాళ మోగింది. బొబ్బట్లకి కాదు, పూజకి. హారతి కర్పూరానికి ఏమీ కాలేదు. ఆ తర్వాత అమ్మ అలవాటుగా సాంబ్రాణి ధూపం గదిగదికీ తిప్పుతూ హాల్వేలోకి వచ్చింది. అంత చిక్కటి పొగకి ఫోటోఎలక్ట్రిక్ మోగడమే న్యాయం. కొందరు వ్రతాలప్పుడు అలారాలకి ప్లాస్టిక్ కవరు తొడుగుతారు. ఆ కవరు తీయడం ఎవరికీ గుర్తుండదు, దయచేసి ఆ పని చేయకండి. మేము ఇక నుంచి ధూపం వేసేముందు థర్మోస్టాట్‌లో ఫ్యాన్ ఆపుతాం, పెరటి తలుపు తీస్తాం, ధూపాన్ని పూజ గది నుంచి పెరటి వైపుకే తిప్పుతాం.

మోగినప్పుడు అమ్మ ఏం చేసిందో రాయాలి. ధూపం గిన్నె కింద పెట్టి, నేరుగా వంటగదిలోకి వెళ్ళి స్టవ్ చూసొచ్చింది. తర్వాతే కర్ర తీసుకుంది.

ఏప్రిల్ 20, ఆదివారం

గ్లాస్గోలో ఉండే తమ్ముడితో మాట్లాడాను. స్కాట్లండ్‌లో 2022 ఫిబ్రవరి నుంచి ప్రతి ఇంట్లో ఒకదానితో ఒకటి కలిసిన అలారాలు ఉండాలి, వంటగదిలో మాత్రం పొగది కాకుండా వేడిని చూసే అలారం. అది నూనె ఆవిరిని పట్టించుకోదు, గది వేడెక్కితేనే మోగుతుంది. ఇక్కడ దొరికేవి 135 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర మోగుతాయి. మా వంటగదికి, గ్యారేజీకి ఒక్కోటి ఆర్డర్ పెట్టాను. పొగ అలారాలకి బదులు కాదు, వాటికి తోడు. మా అలారాల కంపెనీదే, అదే మూడో వైరుతో కలిసేది దొరికింది.

ఇవాళ అమ్మ గోంగూర పచ్చడికి ఎండుమిరపకాయలు వేయించింది. వెనక బర్నర్, ఫ్యాన్ ముందే వేసింది. ఇద్దరం దగ్గాం. నేను హాల్వేలో నిలబడి పది నిమిషాలు పైకే చూస్తూ ఉన్నాను. పచ్చ లైటు అలాగే వెలుగుతోంది. ఇనప మూకుట్లో ఆవాలు చిటపటమన్నాయి, ఇంగువ వాసన హాల్వే దాకా వచ్చింది. అమ్మ లోపలి నుంచి "అక్కడేం చూస్తున్నావే, అన్నం వార్చు" అని పిలిచింది.